మంచం పక్కన మబ్బు

వదినా,

ముక్కు మూసుకుని రాస్తున్న మీ మరదలి నమస్కారాలు. గొంతు ఎలా ఉందని అడిగారు కదా. ఆ సంగతి రాయాలంటే ముందు మీ తమ్ముడు కొన్న యంత్రం సంగతి రాయాలి. దాన్ని తలుచుకుంటేనే నాకు రోత. అయినా రాస్తాను, మీతో కాకపోతే ఇంకెవరితో చెప్పుకోను?

ఇక్కడ చలికాలం హీటరు వేసుకోకపోతే వేళ్లు వంగవు, వేసుకుంటే గాలి ఎండిపోతుంది. నిద్ర లేచేసరికి ముక్కులో రక్తపు చార, నోట్లో నాలుక అట్టముక్క. నా పని మీకు తెలిసిందే, కార్టూన్లో బాతుకి గొంతునివ్వడం. బాతు అంటే అందరికీ నవ్వే గానీ, ఆ గొంతు అడుగు నుంచి గీరి తీయాలి. తడి లేకపోతే ఒక్క ముక్క పలకదు. మా రికార్డింగు గదిలో గాలికి తేమనిచ్చే యంత్రం ఒకటి ఉంటుంది. లోపల నీళ్లలో నానుతూ మందపాటి గుడ్డ వత్తి ఒకటి, వెనక చిన్న ఫ్యాను, అంతే. పొగా ఉండదు, ఆర్భాటమూ ఉండదు, ఊపిరి మాత్రం హాయిగా ఆడుతుంది. అలాంటిదే ఇంటికీ తెచ్చుకుందామన్నాను.

దుకాణంలో మీ తమ్ముడు దాని ముందు అరచెయ్యి పెట్టి చూశారు. "ఏదీ, ఏమీ రావట్లేదే?" అన్నారు. పక్కనే ఇంకొకటి నీలం లైటు వేసుకుని, బుస్సుమని తెల్లటి మంచు చిమ్ముతోంది. "ఇదీ మెషిన్ అంటే! పని చేస్తున్నట్టు కనిపించాలి కదా" అని దానికి అతుక్కుపోయారు. మన కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువండీ, కెటిల్ అడుగు చూడండి, ఇది ఆ నీళ్లని ఉన్నదున్నట్టు గాల్లోకి చిమ్ముతుంది, సున్నమంతా ఇంటి మీద పడుతుంది అని చెప్పాను. "నీకు అన్నీ అనుమానాలే" అన్నారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఇంటికి తెచ్చి మంచం పక్కన పెట్టి, దానికి 'మబ్బు' అని పేరు కూడా పెట్టారు.

వారం తిరక్కుండానే ఇల్లంతా తెల్లటి పొడి. టీవీ మీద, బీరువా మీద, నా స్క్రిప్టు కాగితాల మీద, ఆఖరికి తాగే గ్లాసులో. వేలితో గీస్తే గీత పడుతుంది. తుడిచిన గుడ్డ ఆరితే అట్టలా నిలబడుతుంది. మీ తమ్ముడు ఊళ్లో అందరి చూపూ పరీక్షించి కళ్లద్దాలిచ్చే మనిషి కదా, తన కళ్లద్దాల మీద పొడిని మాత్రం "ఈ గుడ్డ మంచిది కాదు, పొడి రాలుస్తోంది" అని గుడ్డ మీదికి నెట్టేశారు. కిటికీ అద్దాలు చెమటలు కారుస్తున్నాయి. ఉప్పు గడ్డకట్టింది, బిస్కెట్లు విరగకుండా వంగుతున్నాయి, దిండు మీద తల పెడితే ఎవరో అప్పుడే ఏడ్చి లేచినట్టు తడి. గోడ మీద తేమ కొలిచే మీటరు ముల్లు సగం దాటి పైకి పోతుంటే నేను భయపడుతున్నాను, ఆయనేమో పిల్లాడికి మార్కులు పెరుగుతున్నట్టు మురిసిపోతున్నారు.

అసలు రోత ఇంకా రాయలేదు. ఆ మధ్య ఒకరోజు దాని నీళ్ల తొట్టి మూత తీశాను వదినా. లోపల చెయ్యి పెడితే జర్రున జారింది. గోడలకి గులాబీ రంగు జిగురు, చీమిడిలా, గోటితో గీకితే తీగలు సాగుతోంది. గొట్టం మొదట్లో నల్ల చుక్కలు. ఆ వాసన ఎలా చెప్పను, నెలరోజులు మార్చని పూలజాడీ నీళ్లు, దాని పైన ఆయన పోసిన మల్లెపూల సెంటు. ఆయన ఒక్కరోజు కూడా పాత నీళ్లు పారబోయలేదు. అడుగున ఉన్నవాటి మీదే కొత్త నీళ్లు పోస్తూ వచ్చారు. ఖాళీ చేస్తే మెషిన్ కాలిపోతుందట! ఆ జిగురునే మనం పీలుస్తున్నాం, నా దగ్గు దానివల్లేనండీ అన్నాను. "నీళ్లే కదే, నీళ్లకి మురికేంటి?" అని దాని ముందు పడుకుని, నోరు తెరిచి, "అబ్బ, కొండ మీద ఉన్నట్టుంది" అన్నారు. ఆ తెరిచిన నోట్లోకి ఆ మంచు వెళ్తుంటే చూడలేక వంటింట్లోకి వచ్చేశాను.

నాలుగుసార్లు కడిగాను. కడిగిన మర్నాడే పాతకథ. ఆపేస్తే తను లేచి వేస్తారు. ఇప్పుడు దగ్గు బాతుకీ అంటుకుంది. ఒక్క వాక్యం పూర్తయ్యేలోపు రెండుసార్లు ఆగుతున్నాను.

ఇట్లు,
తడి దిండు పక్కకి తోసి కూర్చున్న మీ మరదలు


వదినా,

మీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్నాను. మొదటి ఉత్తరంలో ఒక మాట దాచాను. అప్పుడు రాయడానికి సిగ్గేసింది, ఇప్పుడు సిగ్గు పోయి అసహ్యం మిగిలింది.

రికార్డింగు డైరెక్టరు ఇంటికి ఫోన్ చేశారు, దగ్గు తగ్గిందా అని. నేను స్నానంలో ఉన్నాను. మీ తమ్ముడు తీశారు. తలుపు సందులోంచి ప్రతి మాటా వినపడింది. "దగ్గేం లేదండీ, వయసు. ఎంతకాలం అరుస్తుంది బాతు మాత్రం? గొంతు అరిగిపోయింది, ఆవిడేమో మెషిన్ మీద పెట్టి ఏడుస్తోంది" అని పెద్దగా నవ్వారు. అవతలాయనా నవ్వే ఉంటారు. ఎందుకు అలా అన్నారని అడిగితే, "సరదాకి అన్నానే, దానికే ఇంత రాద్ధాంతమా" అన్నారు. ఆ సరదా ఎంతదాకా పోయిందో తెలుసా? మర్నాడు స్టూడియోకి వెళ్తే నా మైకు ముందు ఒక కొత్త అమ్మాయి నిలబడి బాతులా అరుస్తోంది. డైరెక్టరు నన్ను పక్కకి పిలిచి, "సోమవారం మీరూ ఒకసారి చదవండమ్మా, చూద్దాం" అన్నారు. ఇన్నేళ్ల నా బాతుకి నాకు పరీక్ష!

నేను ఇన్నాళ్లూ చెప్పింది ఆయన చెవికెక్కలేదు. ఆయన నవ్వుతూ అన్న ఒక్క ముక్క మాత్రం వినకూడని వాళ్లందరికీ చేరింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చ గెలిచాను, ఇంట్లో ఎప్పుడూ ఆడనే లేదు.

స్టూడియో వెనక వీధిలో పుస్తకాల దుకాణం మీద ఒక గది చూశాను. పొడి గది. గోడకి ఒక మచ్చ లేదు. అక్కడికి వెళ్లిపోదామనుకుంటున్నాను. పరీక్ష దాకా అని పైకి అంటాను గానీ, తర్వాత తిరిగి వస్తానో లేదో నాకే తెలీదు. ఆయనకి ఇంకా చెప్పలేదు. ఆ మంచం, ఆ బుస్సు, ఆ జిగురు, దాని పక్కన మీ తమ్ముడి గురక, అన్నీ ఒకటే రోతగా కనిపిస్తున్నాయి వదినా. మీ తమ్ముణ్ణి అంటున్నందుకు కోపం వస్తే రానివ్వండి.

ఇట్లు,
మీ మరదలు


అమ్మాయ్,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. నాకు కోపం లేదు. వాడు చిన్నప్పటి నుంచీ అంతే, నా మాట తప్ప ఎవరి మాటా వినడు. అందుకే మొదటిది అందగానే ఫోన్ చేసి, ఆ సున్నం సంగతీ, జిగురు సంగతీ, పాత నీళ్ల సంగతీ నువ్వు రాసింది రాసినట్టు చదివి వినిపించాను. నువ్వు రాశావని అనలేదు, నాకే తెలిసినట్టు చెప్పాను. ఒక్క మాటకే ఒప్పుకున్నాడు! "నిజమేనే అక్కా, రేపే కడుగుతా" అన్నాడు. రెండో ఉత్తరం సంగతి మాత్రం ఎత్తలేదు, అది నీకూ వాడికీ మధ్యది. యంత్రం బాగుపడితే దగ్గు పోతుంది, దగ్గు పోతే కోపం పోతుంది. గదులూ గిదులూ వద్దు. ఇంత చిన్నదానికి కాపురం చెడగొట్టుకుంటారా ఎవరైనా? తొందరపడకు తల్లీ.

నీ మేలు కోరే వదిన


వదినా,

మీరు మంచికే చేశారు. నాకు తెలుసు. ముందు ఆ మాట చెప్పి మిగతాది రాస్తాను.

మీరు ఫోన్ చేసిన మర్నాడు మీ తమ్ముడు బ్రష్షూ, వెనిగర్ సీసా పట్టుకొచ్చారు. చొక్కా చేతులు మడిచి, ఈల వేస్తూ తొట్టి కడిగారు. జిగురు వేలికి తగలగానే "ఛీ ఛీ, ఎంత అసహ్యంగా ఉందే! నువ్వు ఎప్పుడూ చూడలేదా?" అన్నారు. వదినా, ఆ మాట విన్నప్పుడు నాకు పుట్టిన రోత ఏ తొట్టిలోనూ చూడలేదు. తర్వాత నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పారు. "పాత నీళ్లు ఉంచకూడదట తెలుసా? పూలజాడీ నీళ్లలా కంపు కొట్టి జిగురు పడుతుందట. కుళాయి నీళ్లలో సున్నం ఉంటుందట, అదే ఈ పొడి. అక్క చెప్పింది." అవన్నీ నా వాక్యాలే. సున్నం నాది, జిగురు నాది, పూలజాడీ నీళ్ల పోలిక కూడా నాదే. నా నోట్లోంచి వచ్చినప్పుడు అనుమానం, మీ నోట్లోంచి వచ్చేసరికి విజ్ఞానం. నిన్న దుకాణానికి వెళ్లి వత్తి యంత్రం తెచ్చారు, నేను మొదట చెప్పినదే. "బాగా వెతికి పట్టుకున్నాను" అన్నారు.

దగ్గు తగ్గింది. సోమవారం చదివాను, బాతు నాకే ఉంది. కొత్తమ్మాయి వచ్చి చెయ్యి కలిపి వెళ్లింది. మీరన్నట్టే యంత్రం బాగుపడింది, దగ్గు పోయింది. అసహ్యం పోలేదు. ఇంత చిన్నదానికా అన్నారు. నాకూ మొదట అలాగే అనిపించింది. ఊళ్లో ప్రతి పిల్లా నా గొంతు గుర్తుపడుతుంది. మా ఇంట్లో అది వినపడాలంటే వేరే ఊళ్లో ఉన్న మీ నోరు కావాల్సి వచ్చింది. ఇది చిన్నదైతే పెద్దది ఏదో నాకు తెలీదు.

గదికి అడ్వాన్సు ఇచ్చాను, కానీ సంచి ఇంకా సర్దలేదు. నా మనసు ఇంకా అటూ ఇటూ ఊగుతోంది. అందుకని ఒకటి అనుకున్నాను. రెండో ఉత్తరంలో మీకు రాసిందీ, ఇప్పటిదాకా ఇందులో రాసిందీ, మొత్తం ఆయన ఎదుట కూర్చుని నేనే చదువుతాను. మీ నోటితో కాదు, బాతు గొంతుతోనూ కాదు, నా గొంతుతో. అంతా విన్నాక నా గురించి ఒక్క మాట, మంచిదో చెడ్డదో, తిట్టైనా సరే, అంటే ఆ అద్దె గది వదులుకుని ఇక్కడే ఉండిపోతాను.

ఇప్పుడే చదివి వచ్చి మళ్లీ రాస్తున్నాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక ముందు గదిలో కూర్చోబెట్టి చదివాను. మధ్యలో లేవలేదు, అడ్డు రాలేదు, నవ్వలేదు. ఫోన్లో అన్న మాటలు వచ్చినప్పుడు తల దించుకున్నారు. నా గొంతు ఒక్కచోట కూడా తడబడలేదు. అయిపోయింది. కాగితాలు మడిచి ఆయన ముఖంలోకి చూశాను. చాలా మెత్తగా, నా మంచి కోరే అడిగారు వదినా, అది అబద్ధం చెప్పను.

"మరి కొత్త మెషిన్ నువ్వు తీసుకెళ్తావా, ఇక్కడే ఉంచనా?" అన్నారు.

ఇక్కడే ఉంచుకోండి, వారానికోసారి వత్తి ఉతకండి అని చెప్పి, లేచి సంచి తీశాను. కొత్త చిరునామా కవరు వెనక రాశాను. ఇకమీదట నా ఉత్తరాలు మీకే, ఎవరికీ చదివి వినిపించకండి.

ఇట్లు,
పొడి గదిలోంచి రేపు మీకు రాయబోయే
మీ మరదలు