వెలగని దీపం దగ్గర

బంగారుతల్లికి,

నీకు చెప్పకుండా నిన్న నీ బండి ఎక్కాను. నా కూతురు నడిపే రైల్లో కూర్చున్నానన్న సంతోషంతో నా కాళ్ళు నేల మీద నిలవలేదనుకో. ఊరు దాటాక బండి పొలాల మధ్య ఆగిపోయింది. ఎంతకీ కదలదు. ఎదురు సీటాయన కిటికీలోంచి తొంగిచూసి, "ఎర్రదీపం కూడా లేదు, ఎందుకు ఆపినట్టు? ఆడపిల్లకు బండి అప్పజెప్తే ఇంతేనండీ" అన్నాడు. అందరూ నవ్వారు. పొరపాటు చేశావేమో, ఉద్యోగం పోతుందేమోనని నా గుండెల్లో రాయి పడింది. నీ తండ్రినని చెప్పడానికి నోరు రాలేదు.

అంతలో గార్డు వచ్చి, "సిగ్నల్లో దీపమే వెలగడం లేదు. వెలగకపోతే ఎర్రదీపం కిందే లెక్క, ఆపి తీరాలి" అన్నాడు. ఆయన మాట పూర్తికాకముందే ముందు మా పట్టాలను దాటే ఇంకో లైన్లో, మాకు అడ్డంగా గూడ్సుబండి దూసుకుపోయింది. ఎదురు సీటాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఆ అమ్మాయి నా కూతురండీ" అన్నాను.

నా కడుపు నిండిపోయింది తల్లీ. అయినా కళ్ళు మూస్తే ఆ గూడ్సు పెట్టెలే కనిపిస్తున్నాయి. ఎవరెంత తిట్టినా, అనుమానం వస్తే ఆగు. మీ అమ్మకు బండి లేటయిందని మాత్రమే చెప్పాను. నువ్వూ అంతే చెప్పు.

మీ నాన్న