వలలో వాటా లేనివాడు

మైపాడు,
మంగళవారం

చంద్రమౌళన్నా,

నువ్వు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడానికి మనసొప్పడం లేదు. ఇక్కడ నేను క్షేమంగా లేను. అక్కడ నువ్వు బిట్రగుంటలో మూడుపూటలా తిని, మధ్యాహ్నం కునుకు కూడా తీస్తున్నావని తెలిస్తే నాకు ఇంకా మండుతుంది. వారం నుంచి నా ఫోను ఎత్తడం లేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. నిన్న మీ కోడలు ఎత్తి, "మామయ్య పెరట్లో ఉండారు, పిలస్తానుండండి" అని వెళ్లి, తిరిగొచ్చి "లేరంట" అంది. లేరని ఎవరు చెప్పారమ్మా అని అడిగితే పాపం ఆ పిల్ల ఫోను పెట్టేసింది. ముప్పై ఏళ్లు గార్డుగా రైళ్లకి పచ్చజెండా ఊపిన మనిషివి, ఒక అబద్ధం సరిగ్గా చెప్పించడం చేతకాలేదు నీకు.

అందుకే ఈ ఉత్తరం. చించి పారేసేలోగా నాలుగు వాక్యాలైనా చదువుతావు.

నువ్వు మరిచిపోయినట్టు నటిస్తావేమో, మొదటినుంచీ చెబుతాను. మోకాళ్లు మొండికేశాక పడవ అమ్మేశాను. ఆ డబ్బు బ్యాంకులో ఊరికే పడుకోవడం చూడలేక షేర్లలోకి దిగాను. ఎవరి దగ్గరా చదువుకోలేదు. ఫోనులో వీడియోలు చూశాను, ధరల బొమ్మలో పడితే కనిపించే ఎర్ర కొవ్వొత్తి ఏమిటో, లేస్తే కనిపించే పచ్చ కొవ్వొత్తి ఏమిటో నేర్చుకున్నాను. టీవీలో ఒకాయన వస్తాడు, మన ఎండల్లో కూడా కోటు విప్పడు. ఆయన నిన్న కొనమన్నదాన్ని ఇవాళ అమ్మమంటాడు, రెండుసార్లూ ఒకే నవ్వు నవ్వుతాడు. ఆయన్ని చూశాకే నాకంటూ ఒక పద్ధతి ఉండాలనుకున్నాను. కొనేముందే, ఎంతకి పడితే అమ్మేయాలో రాసి పెట్టుకోవాలి. ఆ అంకె వస్తే మారుమాట లేకుండా అమ్మేయాలి. పద్ధతి మంచిదే. పాటించాల్సిన వాడే మంచివాడు కాదు. ఆ అంకె రాగానే యాప్ తనంతట తానే అమ్మేసే ఏర్పాటు ఉంది. మూడుసార్లు పెట్టాను. ధర దగ్గరికి రాగానే మూడుసార్లూ నా వేలితో నేనే తీసేశాను. ఒకసారి మార్కెట్ అంతా పడింది, మనదొక్కటే కాదు కదా అనుకున్నాను. ఇంకోసారి రేపు లేస్తుందిలే అనుకున్నాను. మూడోసారి ఏ సాకూ దొరకలేదు, అయినా తీసేశాను.

అప్పుడు నాకు పడవలో కత్తి గుర్తొచ్చింది. నీకు ఈ సంగతి వందసార్లు చెప్పాను, ఇప్పుడు నూట ఒకటోసారి విను, ఎందుకంటే వంద సరిపోలేదని తేలింది. వల సముద్రం అడుగున రాతికి పట్టేసిందనుకో, పడవ ఒక పక్కకి ఒరుగుతుంది. తాడు కోసేయాలి. కానీ వలగలవాడు కోయలేడు. ఒక్క అల చూద్దాం, జారి వస్తుందేమో అంటాడు. ఆ ఒక్క అలకే పడవ బోల్తా పడుతుంది. అందుకని మా పడవల్లో కత్తి వలగలవాడి చేతిలో ఉండదు. ఆ వలలో వాటా లేనివాణ్ణి, కూలికి వచ్చినవాణ్ణి ఒకణ్ణి వెనక కూర్చోబెట్టి వాడి చేతికిస్తాం. వలగలవాడు తిట్టినా, కాళ్లు పట్టుకున్నా వాడు వినకూడదు. నా పడవలో చిన్నపోలయ్య ఉండేవాడు. కొత్త వల, మొదటి వేట, అప్పుడే పట్టేసింది. "ఆగరా, ఒక్క అల చూద్దాం" అని నేను అరుస్తూనే ఉన్నాను, వాడు తల కూడా తిప్పకుండా కోసేశాడు. ఒడ్డుకొచ్చేదాకా వాడి తాతలనందరినీ పేరుపేరునా తిట్టాను. అయినా ఆ పూట మా ఇంట్లోనే వాడికి భోజనం. కోసినవాడికి వలగలవాడే వడ్డించాలి, అదీ మా పద్ధతే. నేను పళ్లు కొరుక్కుంటూ వడ్డించాను. వాడు చేపల పులుసు రెండోసారి అడిగి వేయించుకున్నాడు. వాడి తిండి గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం పడుతుంది.

సరే. నా షేర్లకి కత్తి ఎవరికివ్వాలా అని చూశాను. కామాక్షమ్మకి ఇవ్వడానికి లేదు, ఆ డబ్బులో భార్యకీ వాటా ఉంది. మా ప్రసాద్‌కీ ఇవ్వలేను, కొడుకన్నాక వాడికీ ఉంది. నువ్వయితే పింఛను మనిషివి. షేర్లంటే జూదమని ముఖం తిప్పుకునేవాడివి. అందుకే యాప్ నా ఫోనులోంచి తీసేయించి నీ ఫోనులో పెట్టించాను, దానికి ఓటీపీ వచ్చే రెండో సిమ్ కూడా నీకే ఇచ్చాను. ఈ రొయ్యల మేత కంపెనీ షేరు రెండు వందలకి పడితే అమ్మేయ్ అన్నాను. బిట్రగుంట స్టేషన్లో బెంచీ మీద కూర్చుని, నా చేతిలో చెయ్యి వేసి నువ్వన్న మాట ఇది: "చెంగయ్యా, నువ్వు ఏడ్చినా వినను."

పోయిన నెల అది రెండు వందలకి వచ్చింది, దిగింది కూడా. నేను టీవీలో చూస్తూనే ఉన్నాను. నీకు ఫోను కూడా చేయలేదు, అంత నమ్మకం. ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్ల దగ్గర కూర్చుని, మావాడు ఈపాటికి కోసేసుంటాడు అని గొప్పలు పోయాను. పోయిన వారం నెల్లూరు వెళ్లి బ్రోకరు ఆఫీసులో వేరే కాగితం అడిగితే, అక్కడ పనిచేసే డెబోరా అనే అమ్మాయి కంప్యూటరు చూసి, "నీ షేర్లు అట్లనే ఉండాయి కదా తాతా" అంది. అప్పటికి ధర నూట యాభై. అప్పుడే అమ్మించాల్సింది, నీ మీది మంటలో అది కూడా తోచక బస్సెక్కేశాను.

పోయిన డబ్బు నిన్ను ఇమ్మనడం లేదు. కత్తి ఒళ్లో పెట్టుకుని ఎందుకు చూస్తూ కూర్చున్నావో చెప్పు, చాలు. నా మీద జాలిపడ్డావా? నీ జాలి నాకెందుకు? జాలిపడేవాళ్లు కావాలంటే ఈ ఊళ్లోనే బోలెడంతమంది ఉన్నారు, బస్సెక్కి బిట్రగుంట రావలసిన పనేముంది? దీనికి జవాబు రాకపోతే మన నలభై ఏళ్ల స్నేహం కోసేసినట్టే. అది మాత్రం నా చేత్తో నేనే కోస్తాను.

ఇంకా చల్లారని
చెంగయ్య


మైపాడు,
ఆదివారం

మౌళన్నా,

నీ కవరు అందింది. సిమ్‌ని పసిబిడ్డని చుట్టినట్టు దూదిలో చుట్టి పంపావు. దానితోపాటు నాలుగు ముక్కలు రాశావు. నేను ఏకధాటిగా చెబుతుంటే విని విని నువ్వూ అదే షేరు కొన్నావట. రిటైరైనప్పుడు వచ్చినదంతా అందులోనే పెట్టావట. ఇంట్లో ఎవరికీ తెలియదట. నాది అమ్మితే నీది కూడా పోయినట్టు ఒప్పుకోవాలి కాబట్టి చెయ్యి ఆడలేదట. ఇంకా అమ్మలేదట, లేస్తుందని చూస్తున్నావట.

చదివాక కోపం తగ్గుతుందనుకున్నావేమో, రెట్టింపయింది. కత్తి చేతిలో పెట్టుకుని వలలో వాటా కొనుక్కోవడమేమిటన్నా? నాకు ఒక్క మాట చెబితే ఆ రోజే కత్తి ఇంకొకరికిచ్చేవాణ్ణి కదా! ఉత్తరం పట్టుకుని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ పైకే తిట్టాను. తిట్టగా తిట్టగా ఒక సంగతి అడ్డం పడింది. ఈ కోస్తా రొయ్యలన్నీ ఆ మేతే తింటాయని నీకు రోజూ ఫోనులో చెప్పిందెవరు? నేనే. నీ చేతికి కత్తి ఇచ్చి, నీ చెవిలోనే వల గొప్పలు ఊదాను. ఇంత తెలివితక్కువ వలగలవాడు మా మైపాడులో ఇంతకుముందు పుట్టలేదు. అలాగని నీ తప్పు తీసేయడం లేదు. ఇద్దరినీ తిడుతున్నాను, నీ వంతు కొంచెం ఎక్కువే.

కామాక్షమ్మ చేపలు శుభ్రం చేస్తూ అంతా వింది. చివరికి చెయ్యి కడుక్కుని అంది: "ఆయన్ని తిట్టేది అయిపోయిందా? ఇప్పుడు ఒరగతా ఉండేది ఆయన పడవ. ఆయన కత్తి ఎవురి దగ్గరుండాది?"

నీకు కత్తి పట్టేవాడే లేడు. నేను పట్టుకుందామంటే నాకూ అదే వలలో వాటా ఉంది. నీ ఫోను నా చేతికిస్తే నేనూ నీలాగే చూస్తూ కూర్చుంటాను.

అందుకే ముందు నా వాటా తెంచుకుందామని మొన్న శుక్రవారం మొదటి బస్సుకి నెల్లూరు వెళ్లాను. నా కర్మ కొద్దీ ఆ పూటే షేరు లేస్తోంది. ఆఫీసు టీవీలో పచ్చగా వెలుగుతోంది. డెబోరా నా కాగితాలు చూసి, మంచి పిల్ల, నా మేలుకోరే, "తాతా, ఇన్నాళ్లు ఆగినావు, ఈరోజు ఎగబాకతా ఉంది. రెండు రోజులు చూడకూడదా?" అంది. ఒక్క అల చూద్దాం అనే మాట నా నోటిదాకా వచ్చింది. పడవలో అరిచిన మాటే, అక్షరం పొల్లుపోలేదు. నీళ్లడిగి తాగాను. "అమ్మేయమ్మా, అంతా" అన్నాను. రూలు ప్రకారం ఆ పిల్ల ఇంకోసారి అడిగింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టంగా ఉందన్నా. సంతకం పెట్టి, టీవీ వైపు వీపు పెట్టుకుని బయటికొచ్చేశాను. కోసిన చోటు వైపు మేము మళ్లీ తిరిగి చూడం. అది లేచిందో పడిందో ఇప్పటికీ నాకు తెలియదు, నువ్వూ చెప్పొద్దు.

ఇంతకీ ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. పోస్టు చేరేదాకా నీ పడవ ఆగదు. రేపు సోమవారం పొద్దున్న నేనే తెచ్చి మీ కోడలి చేతికిస్తాను. నువ్వు పెరట్లో లేవని చెప్పించాల్సిన పని లేదు. నువ్వు ఇది చదువుతున్నప్పుడు నేను మీ వాకిట్లో మెట్ల మీద కూర్చుని ఉంటాను. చదవడం అయ్యాక ఫోను తీసుకుని బయటికి రా. నా చేతిలో పెట్టు. నువ్వు నన్ను తిట్టొచ్చు, మా తాతల పేర్లు కావాలంటే చెబుతాను. ఏడ్చినా వినను.

అది అయ్యాక భోజనం. మీ ఇంట్లో చేపలు వండరని తెలుసు. పప్పన్నమైనా సరే, నీ చేత్తో నువ్వే వడ్డించాలి. పళ్లు కొరుక్కుంటూ వడ్డించినా ఏమీ అనుకోను. రెండోసారి కూడా అడుగుతాను.

ఏ వలలోనూ వాటా లేని
చెంగయ్య