నాలుగు సల్ఫా గోలీలు

నల్గొండ,
2022 ఆగస్టు, శనివారం.

అన్నా,

అమ్మ క్షేమం. ఈ రెండు మాటలు రాయడానికి పదకొండు రోజులు పట్టింది. గొర్రెల మందతో ఊళ్లు తిరుగుతున్న నువ్వూ, జీవాలూ బాగున్నారనుకుంటాను. ఫోన్లో ఇద్దరం అరుచుకోవడమే అవుతోంది, అందుకే రాస్తున్నాను.

"గా సల్ఫా గోలీలు కల్తీవా? మునుపు రెండు గోలీలకే తగ్గేది గద!" అని అడిగావు. కల్తీవి కావన్నా. అమ్మకు వచ్చింది మూత్రంలో ఇన్ఫెక్షన్. ఆ సూక్ష్మజీవి పెరగాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. మనకది ఆకుకూరల్లో దొరుకుతుంది, ఆ సూక్ష్మజీవి మాత్రం దాన్ని సొంతంగా తయారుచేసుకోవాలి. సల్ఫా మందు అచ్చం ఆ తయారీకి కావలసిన ముడిసరుకులాగే ఉంటుంది. తయారుచేసే ఎంజైము మోసపోయి మందును పట్టుకుంటుంది. పని ఆగిపోతుంది, సూక్ష్మజీవి ఇక పెరగదు.

కానీ లక్షల్లో ఏ ఒక్కదానిలోనో ఆ ఎంజైము కొంచెం మారి ఉంటుంది. మందును పట్టుకోదు, అసలు సరుకునే పట్టుకుంటుంది. రెండు గోలీలు మింగి ఆపేస్తే మామూలువి పోయి, ఆ మొండివి మిగిలి పెరుగుతాయి. ఆ గుణాన్ని పక్కవాటికీ ఇస్తాయి. అమ్మ మూత్రం పరీక్ష మా ల్యాబులో నేనే చేశాను. సూక్ష్మజీవుల్ని పెంచే పళ్లెంలో సల్ఫా మందు అద్దిన చిన్న కాగితం బిళ్ల పెడతాం, మందు పనిచేస్తే దాని చుట్టూ ఖాళీ జాగా కనబడాలి. లేదు. బిళ్ల అంచుదాకా సూక్ష్మజీవులు మొలిచి ఉన్నాయి.

ఆ కోపంతోనే మన ఊరి మందుల షాపు అంజయ్య దగ్గరికి పోయాను. డాక్టరు చీటీ లేకుండా, షీటు కత్తిరించి రెండేసి గోలీలు ఊరందరికీ ఇస్తున్నాడు.

"మనుషుల పానాలతోని ఆటలాడుతున్నవా?" అని అరిచాను.

ఆయన తల కూడా ఎత్తలేదు. "పోయినేడు మీ అమ్మకని నాలుగు గోలీలు నువ్వే కొనుక్కపోలేదా? ల్యాబుల పనిచేసేదానివి, నీకు తెల్వదా?"

నిజమే అన్నా. అమ్మను దవాఖానకు తీసుకుపోవడానికి సెలవు దొరక్క, పరీక్ష లేకుండా రెండుసార్లు నేనే ఇచ్చాను. అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి చేశాను. అమ్మను దవాఖానలో చేర్చిననాడు డాక్టరమ్మ "ఈ మందు ఇంతకుముందు వాడారా?" అని అడిగింది. ల్యాబులో ఉండి ఇట్లా చేశానని చెప్పడానికి సిగ్గుపడి, లేదన్నాను. ఆమె అదే మందు మొదలుపెట్టింది. పరీక్ష ఫలితం రావడానికి మూడు రోజులు. ఆ మూడు రోజులూ అమ్మ జ్వరంలో నన్ను గుర్తుపట్టలేదు. మందు మార్చి ఇంజెక్షన్లు ఇచ్చాకే తేరుకుంది.

నిన్న డాక్టరమ్మకు నిజం చెప్పి తిట్లు తిన్నాను. అమ్మకూ చెప్పాను. "పోనీ తియ్ బిడ్డా, బతికిన గద" అంది. ఎట్లా పోనిస్తాను?

నీ సంచిలో కూడా ఆ సల్ఫా గోలీలు మిగిలి ఉంటే ఎవరికీ ఇవ్వకు, గొర్రెలకు కూడా. అంజయ్య మీద అధికారులకు ఫిర్యాదు రాసి పంపాను. చీటీ లేకుండా ఆయన దగ్గర కొన్నవాళ్ల పేర్లు అందులో రాశాను. మొదటి పేరు నాదే.

ఇట్లు,
నీ తిట్లకు సిద్ధంగా ఉన్న చెల్లె,
స్నేహలత