ముప్పై ఏడు మార్కుల ఫ్లెక్సీ

అన్నయ్యకు,

నువ్వు ఫోన్ పెట్టేశావు కాబట్టి ఉత్తరం రాయాల్సొచ్చింది. జగదీష్ ఫ్లెక్సీ తీయను. మల్కాపురం సెంటర్లో ఎవరెవరి పుట్టినరోజులకో కడుతుంటే, నా కొడుకు మూడోసారికి పదో తరగతి లెక్కల్లో గట్టెక్కినందుకు నేను కట్టకూడదా? వచ్చినవి ముప్పై ఏడు మార్కులే. ఆ సంగతి నేనే పెద్ద అక్షరాలతో వేయించాను.

చేపలమ్మే మా ఎదురింటి చిట్టమ్మకి అక్షరమ్ముక్క రాదు. ట్యూషన్ మాస్టారు వీణ్ణి వద్దన్నాక, ఏడాదిపాటు రోజూ పొద్దున్నే తన గుమ్మంలో కూర్చోబెట్టుకుని, "నాకు తెల్నేదురా, మళ్ళీ సెప్పు" అంటూ ఒక్కో లెక్కా పదేసిసార్లు చెప్పించుకుంది. చెప్పీ చెప్పీ వీడికే వచ్చేసింది.

మేనమామవని పైన నీ ఫోటో వేయించాను. వన్ టౌన్లో నీ షాపుకొచ్చేవాళ్ళు నవ్వుతున్నారని, "నా బొమ్మైనా తీసీయే" అన్నావు. ఆ ఒక్క మాటా విన్నాను. నీ ఫోటో మీద ఇప్పుడు చిట్టమ్మ ఫోటో ఉంది. ఆవిడ దగ్గరున్నది ఆధార్ ఫోటో ఒక్కటే. దాన్నే పెద్దది చేయించి అంటించాం.

శనివారం ఆ ఫ్లెక్సీ కిందే భోజనాలు. వస్తే రా. ముందు చిట్టమ్మ కాళ్ళకి దండం పెట్టి, ఆ తర్వాత జగదీష్ నీకూ పెడతాడు.

నీ చెల్లెలు