గిలక్కాయకి తిరిగి చూసిన కంగారూ పిల్ల

క్లేటన్, మెల్‌బోర్న్
ఆదివారం

అన్నయ్యకూ వదినకూ రాజ్యం నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను, ఈ మాట నమ్మండి. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? మన ఫోటో స్టూడియో పైకప్పు కారుతోందన్నావు, బాగు చేయించావా? చిన్ని అన్నం తింటోందా? నా కూతురి సంగతి ముందు అడగాలి, ధైర్యం చాలక చివర అడిగాను.

రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఏమైపోతాయోనని మమ్మల్ని పిలిపించారు కదా, ఆ గండం గడిచింది. ఇప్పుడు అవే పాత ప్రోగ్రాములకు మాట్లు వేస్తున్నాం. పని ఉంది, కంగారు పడకండి. చలీ ఉంది, వదిన అల్లిన స్వెట్టరూ ఉంది. నా గదిలో ఉండే సాజిద కడప పిల్ల, పప్పు బాగా వండుతుంది. పూనాలో ఉన్న మా ఆయనకూ, మీ దగ్గరున్న చిన్నికీ వీసా కాగితాలు మాత్రం ఇంకా కదల్లేదు.

చిన్నికి చూపించడానికి కొండల్లో జంతువుల పిల్లల ఫోటోలు పంపమన్నావు. అందుకని పోయిన శనివారం సాజిద కారులో మంచుకొండల మీదికి వెళ్లాం. నువ్విచ్చిన కెమెరా మెడలో వేసుకున్నాను. పైన గడ్డిమైదానంలో ఒక కంగారూ, పక్కనే దాని పిల్ల. అప్పుడప్పుడే తల్లి పొట్టసంచిలోంచి దిగుతున్న వయసు. నాకూ దానికీ మధ్య మన స్టూడియో పొడవంత దూరం కూడా లేదు. ఎంతసేపు చూసినా అది గడ్డిలోంచి తల ఎత్తదు.

చిన్నప్పటినుంచీ నీ వెనక నిలబడి పసిపిల్లల ముందు గిలక్కాయ ఆడించినదాన్ని కదా! చిన్ని ఆడుకున్న గిలక్కాయ ఎప్పుడూ నా సంచిలోనే ఉంటుంది. ఆలోచించకుండా తీసి ఆడించాను.

పిల్ల తల ఎత్తి సూటిగా చూసింది. నేను మీట నొక్కాను. అదే క్షణంలో తల్లి బెదిరి కాలు నేలకేసి దబ్బున కొట్టి, నాలుగు గెంతుల్లో పొగమంచులో మాయమైంది. పిల్ల ఉన్నచోటే ఉండిపోయింది. తర్వాత ఏమనుకుందో, చప్పుడు వచ్చిన వైపుకి, అంటే నా వైపుకి, తడబడుతూ రావడం మొదలెట్టింది.

వంగి చేతులు చాచాను అన్నయ్యా. ఎత్తుకోబోయాను.

"యేయ్ రాజీ, టచ్ చేయొద్దు!" అని సాజిద అరిచింది. "మనం ఈడుంటే దాని మదర్ రాదు. ఫస్ట్ కార్లోకి రా!"

"ఒకవేళ రాకపోతే?"

"రాకుంటే ఈ చలికి అది బతకదు. అందుకే చెప్తాండా, రా!"

కారులో కూర్చుని అద్దం తుడుచుకుంటూ చూశాం. పొగమంచు దట్టమైపోయింది. కాసేపు పిల్ల కనిపించేది, కాసేపు కనిపించేది కాదు.  సరదాకి ఒక ప్రాణం తీశాననుకున్నాను. మన ఆంజనేయస్వామికి ఆకుపూజ మొక్కాను, వదినను చేయించమను. గంట గడిచాక మంచులోంచి నాలుకతో టక్కుటక్కుమన్నట్టు చప్పుడైంది. తల్లి! పిల్ల ఒక్క పరుగున వెళ్లి తలకిందులుగా సంచిలో దూరింది. తోకా కాళ్లూ బయటే వేళ్లాడుతున్నాయి. సాజిద నవ్వింది, నేను ఏడ్చాను.

ఫోటో బాగా వచ్చింది. నేను తీసినవాటిలో ఇంత మంచిది లేదు. కానీ ఆ కళ్లు నేను చూడలేకపోతున్నాను. అందుకే ఈ కవరులో పెట్టడం లేదు, ఏమనుకోకు.

ఆ తల్లి గంటలో వచ్చింది. నేను వచ్చేసి పద్నాలుగు నెలలు. పోయిన వారం ఫోనులో చిన్ని నా గొంతు విని, "ఎవలో ఆంటీ" అని రిసీవరు వదినకి ఇచ్చేసింది. వదినను అమ్మా అని పిలవడం కూడా విన్నాను. వదినకు నేను ఋణపడి ఉన్నాను, ఆమె మీద కోపం లేదు. భయమే.

మా మామయ్యగారికీ అత్తయ్యగారికీ నా నమస్కారాలు చెప్పండి. వీసా త్వరగా వచ్చేలా నువ్వూ వదినా దీవించండి.

ఒక్క కోరిక. ఈసారి చిన్నికి ఫోటో తీసేటప్పుడు గిలక్కాయ ఆడించకు. "అమ్మ ఏదీ?" అని అడుగు. అది ఎటు చూస్తే అటు చూడనిచ్చి తియ్యి. వదిన వైపు చూసినా సరే, అదే పంపు.

నీ చెల్లెలు,
రాజ్యం