కనబడని పచ్చగీత

మంగళవారం, రాత్రి.

ఈరోజు నేనొక మహత్కార్యం చేశాను. కాలేజీ ల్యాబులో, కరెంటు అలలను తెరమీద గీతగా చూపే పాత ఆసిలోస్కోపు వెలుగును బాగా తగ్గించి, దాన్ని పెంచే నాబ్ మర వదులు చేశాను. ఇక ఎంత తిప్పినా నాబ్ ఉత్తగా తిరుగుతుంది. తెరమీద పచ్చగీత పడుచు కళ్లకే లీలగా కనబడుతుంది. నాకు పని నేర్పిన ప్రభుదాస్ సార్ గంటసేపు దానితో కుస్తీ పట్టారు.

"గీత కనబడ్తలేదేందిరా?"

"మంచిగనే కనబడ్తాంది గద సార్! జర కండ్ల దవాఖానకు పోండ్లి," అన్నాను. పిల్లలంతా పగలబడి నవ్వారు.

సార్ అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. నిరుడే కంటి ఆపరేషన్ అయిన మనిషి.

"ఇగ నాతోని కాదు బిడ్డా. నా రాజీనామా నువ్వే రాసియ్యి."

జోకని చెబుదామనుకున్నాను. కానీ అందరూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. సంతకం ఎక్కడ పెట్టాలో ఆయన వేలు పట్టుకుని మరీ చూపించాను.