అన్న తోలించిన ఎర్రమన్ను

ఆదివారం, హిందూపురం

ధర్మవరం దగ్గర మా చేనుకు పోయి వచ్చాను. చేనులో మన్ను లేదు. నడుములోతు తవ్వుకుపోయారు. అడుగున సున్నపురాయి తెల్లగా బయటపడి ఉంది. ఊరి శివారులో వేస్తున్న ప్లాట్లను ఎత్తు చేయడానికి ఆ మన్నంతా అన్నే అమ్మేశాడు. నాయన మా ఇద్దరికీ కలిపి ఇచ్చిన చేను అది.

నేరుగా అన్న ఇంటికి పోయి, "మన్ను యాడికి పోయిందన్నా?" అని అడిగాను.

"దానికింత బాధేంది పాపా? వానకు సున్నపురాయి కరిగి ఎర్రమన్ను అయితాదని నువ్వే చెప్తివి కదా. మళ్ళా అయితాదిలే," అని నవ్వాడు.

నిజమే, నేనే చెప్పాను. కాలేజీలో పిల్లలకు చెప్పినట్టే పోయిన వానాకాలం గట్టు మీద కూర్చోబెట్టి చెప్పాను. వాననీళ్లు సున్నాన్ని కరిగించి తీసుకుపోతాయి, కరగని బంకమన్ను, ఇనుము మిగులుతాయి, ఆ ఇనుము తుప్పు పట్టడం వల్లే మన్నుకు ఎరుపు వస్తుందని. బెత్తెడు మన్నుకు వేల ఏళ్లు పడుతుందని కూడా చెప్పాను.

"వేల ఏళ్లన్న మాట మర్చిపోయినావా?" అన్నాను.

అన్న నవ్వు ఆగిపోయింది. "మర్చిపోలేదు. అందుకే నీకు చెప్పకుండా తోలించినా. చెప్తే నువ్వు ఒప్పుకుంటావా?"

వదిన అన్నం తినిపొమ్మన్నా ఆగకుండా బస్సెక్కాను. పెనుకొండ దాటాక ఏడుపొచ్చింది. చెప్పింది అర్థం కాక చేసి ఉంటే ఎప్పటికైనా క్షమించేదాన్ని. అన్నకు అంతా బాగా అర్థమైంది.